అడక్కుండా నొక్కే చెయ్యి

లిఫ్టమ్మ కుడిచేతికి ఒక పాడలవాటు ఉండేది. ఎక్కడైనా ఎవరైనా ఒక స్విచ్చు ముందు నిలబడి కాస్త తటపటాయించారంటే చాలు, వాళ్ళకంటే ముందు ఆ చెయ్యి వెళ్ళి నొక్కేసేది. బస్సులో పక్కసీటు మనిషి దిగడానికి సంచి సర్దుకుంటుంటే బెల్లు ఈమె కొట్టేది. ఇంట్లో అత్తగారు ఉక్కపోస్తోందని మంచం మీంచి లేచేలోపు ఫ్యాను గిర్రున తిరుగుతుండేది. "నాకు చేతులు పడిపోయాయని ఎవరు చెప్పారే నీకు?" అని ఆవిడ సణిగేది. మనిషి మంచిదే. చెయ్యే మాట వినదు.

ఆ చేతికి అబ్బిన చదువు అలాంటిది మరి. నగరం నడిబొడ్డున, కిందనుంచి పైదాకా ఆఫీసులే ఉన్న ఒక పాత ఆరంతస్తుల భవనంలో ఆమె లిఫ్టు నడిపేది. ఆమెకంటే ముందు వాళ్ళ నాన్న నడిపాడు. ఇనుప కటకటాల తలుపు, లోపల చెక్క గోడలు, ఒక మూల స్టూలు, స్టూలు పక్కన గోడకి వరసగా నల్లటి బటన్లు. వాటి మీది అంకెలు నాన్న హయాంలోనే అరిగిపోయాయి. కొత్తవాళ్ళు ఆ బటన్లు చూస్తే తెల్లమొహం వెయ్యాల్సిందే. నాన్నకీ, తర్వాత ఈమెకీ వాటిని చూడాల్సిన పనే లేదు.

"ఏ అంతస్తని అడిగావంటే నీకు పని రానట్టే లెక్క" అనేవాడు నాన్న. "నడక చూడు, చేతిలో సంచి చూడు, మొహం చూడు. వాళ్ళు నోరు తెరిచేలోపు లిఫ్టు కదలాలి."

బడి సెలవుల్లో ఆ స్టూలు పక్కన నిలబడి ఆమె ఆ విద్య నేర్చుకుంది. ఎవరైనా ఎక్కగానే నాన్న కనుబొమ ఎగరేసేవాడు. ఈమె ఆ మనిషిని ఎగాదిగా చూసి, వెనకనుంచి వేళ్ళతో అంతస్తు చూపించేది. చెంప పట్టుకుని ఎక్కినవాళ్ళు రెండులో పళ్ళ డాక్టరు దగ్గరికి. కాగితాల కట్ట గుండెలకి హత్తుకుని ఎక్కినవాళ్ళు మూడులో లాయరు దగ్గరికి. కొత్త చెప్పులేసుకుని, అద్దం లేకపోయినా చెక్కగోడలో చూసుకుంటూ జుట్టు సర్దుకునేవాళ్ళు ఆరులో ఉద్యోగాల ఇంటర్వ్యూకి. సరిగ్గా చెబితే నాన్న మీసాల చాటున నవ్వుకునేవాడు. ఆ నవ్వు కోసం ఆమె సెలవులన్నీ ఆ ఇరుకు పెట్టెలోనే గడిపేసింది. ఆయన పోయాక ఆ స్టూలెక్కిన మొదటి రోజు, పొద్దున్నుంచీ సాయంత్రం దాకా ఎవర్నీ ఒక్కమాట అడగలేదు. చివర్లో కటకటాలు మూసి, ఖాళీ లిఫ్టులో కూర్చుని కరువుతీరా ఏడ్చింది.

ఆ లిఫ్టుకో యూనిఫాం కోటు కూడా ఉండేది, బూడిదరంగుది. దానికి జేబుల్లేవు. లిఫ్టు నడిపేవాళ్ళు చేతులు జేబులో పెట్టుకుని నిలబడకూడదని ఏ మహానుభావుడు ఆలోచించాడో గానీ, జేబులు లేకుండానే కుట్టించాడు. చేతిగుడ్డ పెట్టుకోవడానికి కూడా చోటు లేక ఆమె దాన్ని స్టూలు కింద దోపుకునేది. ఇప్పుడు తల్చుకుంటే ఆ ఇబ్బంది కూడా తియ్యగానే ఉంటుంది. గ్రీజు వాసన, కటకటాలు జరిగినప్పుడల్లా వచ్చే ఆ గరగర, ఎండాకాలం మూలనున్న బుల్లి ఫ్యాను ఒకసారి తిరిగి ఒకసారి అలగడం, అన్నీ.

అన్నింటికంటే ముందు గుర్తొచ్చేది ఫోన్ బాబాయి.

నాలుగో అంతస్తులో ఒక ఎగుమతుల కంపెనీ ఉండేది. దానికి వచ్చే ఫోన్లన్నీ అందుకుని ఎవరివి వాళ్ళకి కలిపే పని ఆయనది. పుట్టుకతోనే చూపు లేదు. చేతికర్ర తాటించుకుంటూ వీధిలోంచి ఒక్కడే వచ్చేవాడు, ఒక్కడే వెళ్ళేవాడు. దారిలో ఎవరైనా జాలిపడి చెయ్యి పట్టుకోబోతే మర్యాదగా వదిలించుకుని, "నేను బాగానే వెళ్తున్నానండీ, మీకేమన్నా సాయం కావాలా?" అనేవాడు. అప్పుడు వాళ్ళ మొహాలు చూడాలి. అవి ఎలా ఉండేవో లిఫ్టమ్మ ఆయనకి పూసగుచ్చినట్టు చెబితే, పొట్ట పట్టుకుని నవ్వేవాడు.

ఎక్కగానే ఆయన ఒకే మాట అడిగేవాడు. "ఏమ్మాయ్, పైన ఎలా ఉంది?"

పైన అంటే డాబా. లిఫ్టులో చిట్టచివరి బటన్ దానిదే. మధ్యాహ్నం డబ్బా విప్పుకోవడానికి లిఫ్టమ్మ అక్కడికి వెళ్ళేది. నీళ్ళ ట్యాంకు నీడలో కూర్చుని తినేది. అక్కడి కబుర్లన్నీ మర్నాడు పొద్దున బాబాయికి అప్పజెప్పేది. పావురం ట్యాంకు సందులో గుడ్లు పెట్టిందని, పక్క భవనం మీద ఎవరివో దుప్పట్లు ఎగిరిపోయాయని, గాలికి మూత పట్టుకుంటే డబ్బా, డబ్బా పట్టుకుంటే మూత కొట్టుకుపోతోందని.

"అంత గాలే" అనేవాడాయన, తల కొంచెం పక్కకి వంచి.

"చెవులు ఎగిరిపోతాయనుకోండి బాబాయ్."

ఈలోపు నాలుగో అంతస్తు వచ్చేసేది. ఆయన కాలు లోపల పెడుతుండగానే ఆమె నాలుగు నొక్కేసేది కదా. కబురు సగంలో ఉంటే మిగతాది సాయంత్రం కిందికి దిగేటప్పుడు. ఏళ్ళ తరబడి అలాగే సాగింది.

ఒకరోజు భవనం మేనేజరు గేటు దగ్గర ఒక గాజు పలక తెచ్చి నిలబెట్టించాడు. పాత లిఫ్టు తీసేసి కొత్తది పెడుతున్నారట, దానికి బటన్లుండవట, ఈ గాజు మీద వేలు ఆనిస్తే చాలట. నడిపే మనిషితో పని లేదు. లిఫ్టమ్మకి కింద రిసెప్షన్లో కుర్చీ వేస్తామన్నారు, కాబట్టి ఆమె కూటికేం లోటు రాలేదు. అందరూ వచ్చి పలక మీద వేళ్ళు ఆనించి మురిసిపోయారు. బాబాయి కూడా వచ్చి అరచేత్తో నిమిరాడు. పలక కుయ్ కుయ్‌మని ఎక్కడెక్కడో వెలిగింది.

"ఇది ఎక్కడ మొదలవుతుందో ఎక్కడ అయిపోతుందో కూడా తెలీడం లేదమ్మా" అన్నాడు.

"దానికేం భాగ్యమండీ" అన్నాడు మేనేజరు. "ఒక మనిషిని పెడతాను. రోజూ చెయ్యి పట్టుకుని మీ సీటు దాకా దిగబెడతాడు."

మేనేజరు చెడ్డవాడేం కాదు, నిజంగా మంచి మాట చెప్పాననే అనుకున్నాడు. బాబాయి నవ్వి ఊరుకున్నాడు. సాయంత్రం పాత లిఫ్టులో దిగేటప్పుడు మాత్రం, "చెయ్యి పట్టుకుని దిగబెట్టే రోజొస్తే ఆ రోజే ఈ ఉద్యోగానికి దణ్ణం పెట్టేస్తానమ్మాయ్. ఇంట్లో కూర్చుని రేడియో వింటాను" అన్నాడు. ఎప్పుడూ ఆ గొంతులో ఉండే నవ్వు ఆ మాటలో లేదు. లిఫ్టమ్మకి ఆ రాత్రి ముద్ద దిగలేదు. ఆయనకి ఆ గొంతూ, ఆ ఫోనూ, ఒంటరిగా వచ్చిపోయే ఆ దారీ తప్ప ఇంకేం ఉన్నాయని? రేడియో ముందు కూర్చుంటే మనిషి నెల తిరక్కుండా నీరుగారిపోతాడు.

ఐదో అంతస్తులో ఒక కంపెనీ ఉండేది. ఫోన్లలో, యంత్రాల మీద మనం వేలు పెట్టే తెరలు ఎలా ఉండాలో ఆలోచించి గీసే కంపెనీ. ఆ గాజు పలక నమూనా వాళ్ళదే. అక్కడ సాయంత్రాలు కొత్తగా పని నేర్చుకునేవాళ్ళకి ఒకావిడ క్లాసు చెప్పేది. పొట్టి జుట్టు, భుజాన పెద్ద సంచి, లిఫ్టమ్మ కంటే వయసులో చిన్నది. లిఫ్టమ్మ మర్నాడే లిఫ్టు మధ్యలో ఆవిణ్ణి నిలేసింది.

"మేడమ్, మీ పలక మా బాబాయికి పనికిరాదు."

టీచరు బుకాయించలేదు. "నాకూ అదే అనిపించింది అక్కా. దాన్ని మార్చడమే ఈసారి మా క్లాసులో పని. లిఫ్టు కంపెనీవాళ్ళు గడువిచ్చారు. మీరూ వచ్చి కూర్చోండి."

"నేనా? నాకు కంప్యూటరు ఆన్ చెయ్యడమే రాదు."

"ఆన్ చెయ్యడం మేం చూపిస్తాం. మిగతాది అందరం కలిసే నేర్చుకుందాం."

అలా లిఫ్టమ్మ మళ్ళీ బళ్ళో చేరింది. పొడుగాటి బల్ల, తెల్లబోర్డు, గోడనిండా రంగురంగుల చీటీలు, చుట్టూ తన కూతురి వయసు పిల్లలు. మొదటి రోజు మౌసు పట్టుకుంటే తెరమీద బాణం గుర్తు ఎటు పారిపోయిందో వెతకడానికే సరిపోయింది. పక్కనున్న పిల్ల మౌసు పట్టిస్తుంటే సిగ్గుతో చచ్చిపోయింది. కానీ టీచరు చెప్పిన మాటలు మాత్రం చెవిలో ఇల్లు కట్టుకుని కూర్చున్నాయి.

"మనలాంటి మనిషినే ఊహించుకుని చేస్తే అది మనకే పనికొస్తుంది" అంది టీచరు. "చూపు లేనివాళ్ళుంటారు. వినపడనివాళ్ళుంటారు. చెయ్యి వణికేవాళ్ళు, చదువు రానివాళ్ళు, చంకలో బిడ్డ ఉండి ఒక్క చెయ్యే ఖాళీగా ఉన్నవాళ్ళు. వీళ్ళందరూ ఇంకొకళ్ళని బతిమాలకుండా వాడుకోగలగాలి. ఇన్‌క్లూసివ్ డిజైన్ అంటే ఇంతే. చెప్పడానికి ఇంతే, చెయ్యడానికి తల ప్రాణం తోకకొస్తుంది."

వచ్చింది కూడా. లిఫ్టమ్మ మొదట గీసిన తెరలో పైకి వెళ్ళడానికి పచ్చ గుండ్రం, కిందికి ఎర్ర గుండ్రం పెట్టింది. చూడముచ్చటగా ఉందనుకుంది. ఎదురుగా కూర్చున్న కుర్రాడు మొహమాటపడుతూ, "ఆంటీ, నాకు ఆ రెండు రంగులూ ఒకలాగే కనిపిస్తాయి, పుట్టినప్పట్నుంచీ అంతే" అన్నాడు. ఎన్ని నెలలుగా ఆ కుర్రాణ్ణి లిఫ్టులో ఎక్కించుకుంది, మొహం చూసి అంతస్తు చెప్పగలిగింది గానీ ఈ సంగతి ఎప్పుడూ పసిగట్టలేదు. గుండ్రాలు తీసేసి బాణాలు పెట్టింది.

తర్వాత ఆమెకి ఒక గొప్ప ఆలోచన వచ్చింది. అసలు బటన్లే ఎందుకు? లోపలికి రాగానే లిఫ్టు మనిషిని గుర్తుపట్టి, అడక్కుండా వాళ్ళ అంతస్తుకి తీసుకెళ్ళిపోతే? నాన్న విద్యని యంత్రానికి నేర్పించినట్టుంటుంది. క్లాసులో లేచి నిలబడి గుక్క తిప్పుకోకుండా చెప్పింది.

టీచరు విని, "ఫోన్ బాబాయిని అడిగారా?" అంది.

"అడగడమెందుకు మేడమ్? ఆయన ఎక్కడికెళ్తాడో నాకు తెలీదా? నాలుగు తప్ప ఆయనకి ఇంకో అంతస్తు లేదు."

"తెలిసే ఉంటుంది. అయినా అడుగుదాం అక్కా. అడక్కుండా చేసింది ఏదైనా మన ఊహే కదా."

లిఫ్టమ్మకి ఒళ్ళు మండింది. ఏళ్ళ తరబడి అడక్కుండా నడిపిన లిఫ్టుని, నిన్నగాక మొన్నొచ్చిన పిల్ల ఊహ అనేసింది. మొహం మాడ్చుకుని ఇంటికొచ్చింది. ఆమె భర్త కుట్టుమిషన్లు బాగుచేస్తాడు. వాళ్ళ ముందుగదంతా విప్పిపడేసిన మిషన్లు, నూనె సీసాలు, డబ్బాల నిండా మేకులూ గుండీలూ. ఈమె చెప్పిందంతా విని ఆయన, "అడిగితే పోయేదేముంది?" అని మళ్ళీ మిషన్లో తల దూర్చాడు. ఆయన ఏ విషయానికైనా చెప్పే తీర్పు అంత పొడుగే ఉంటుంది.

కోపమొచ్చినా పని మానే మనిషి కాదు. భర్త డబ్బాలోంచి పెద్ద కోటు గుండీలు ఏరి, ఒక మందపాటి అట్టకి వరసగా అంటించింది. కింద ఒకటి, పైకి పోయేకొద్దీ రెండు, మూడు, ఆరు దాకా, అన్నిటికంటే పైన డాబా. గాజు పలక గాజు పలకే, దాని కింద వేలికి తగిలే బటన్ల వరస ఒకటి ఉండాలని క్లాసులో అందరూ అనుకున్నారు, ఇది దానికి నమూనా. ముందు అత్తగారి మీద ప్రయోగించింది.

"అత్తయ్యా, ఇది లిఫ్టనుకోండి. మూడుకి వెళ్ళండి."

"మూడులో నాకేం పని?"

"ఊరికే అనుకోండి."

ఆవిడ వణికే వేలితో నొక్కబోతే ఒకేసారి రెండు గుండీలు నొక్కుకున్నాయి. "ఇంత ఒత్తుగా పెట్టావేమే, కొళాయి దగ్గర బిందెల్లాగా" అంది. ఆవిడ ఇంకోసారి గురి చూసుకుంటుండగానే లిఫ్టమ్మ చెయ్యి వెళ్ళి మూడు నొక్కేసింది. అత్తగారు ఆ చెయ్యి మీద ఫట్‌మని ఒకటేసింది. "పరీక్ష నాకా నీకా?"

గుండీలు ఎడంగా అంటించింది. చెయ్యి సంగతి మాత్రం అలాగే ఉండిపోయింది.

ఫోన్ బాబాయిని క్లాసుకి పిలిచిన సాయంత్రం, ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చాడు. బల్ల ముందు కూర్చోబెట్టి, అట్ట గోడకి ఆనించి, ఆయన చేతికందేలా పెట్టారు. టీచరు అందరికీ ముందే చెప్పింది, ఆయన ఏం చేసినా ఎవరూ మాట సాయం చెయ్యకూడదు, చేతి సాయం అసలే చెయ్యకూడదు.

"బాబాయ్ గారూ, మీరు లిఫ్టులో ఉన్నారు. మీకు ఎక్కడికి వెళ్ళాలనుంటే అక్కడికి వెళ్ళండి" అంది టీచరు.

ఆయన వేలు కింద గుండీ దగ్గర మొదలైంది. ఒకటి, రెండు, మూడు. నాలుగు మీద కాస్త ఆగింది. వేలు నాలుగు దాటి ఐదు మీదికి వెళ్ళింది. అక్కణ్ణుంచి ఇంకా పైకి పాకుతోంది. అయ్యో దారి తప్పాడనుకుంది లిఫ్టమ్మ. అంతే, ఆ పాడు చెయ్యి ఆగలేదు. గబుక్కున ఆయన వేలు పట్టుకుని కిందికి తెచ్చి నాలుగు మీద పెట్టేసింది. "ఇది బాబాయ్, ఇదే మీది."

బాబాయి ఆమె పెట్టినచోటే వేలు నొక్కి, "బాగుందమ్మా" అన్నాడు. ఆ తర్వాత కాసేపు అట్ట అంచు తడుముతూ కూర్చున్నాడు.

ఆయన వెళ్ళాక టీచరు, "ఈ పరీక్ష చెల్లదు అక్కా" అంది. కోప్పడలేదు. "ఆయన తప్పిపోతున్నారో, వెతుక్కుంటున్నారో మనకెలా తెలుసు? మన చెయ్యి అడ్డొచ్చాక ఇంకెప్పటికీ తెలీదు."

లిఫ్టమ్మకి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. టీచరన్న మాటకి కాదు. ఆయన వేలు తన గుప్పెట్లో ఉన్నప్పుడు కాస్త పెనుగులాడిందనీ, తర్వాత ఊరుకుందనీ ఆమె చేతికి తెలుసు. చెయ్యి పట్టుకున్న రోజే మానేస్తానన్న మనిషి చెయ్యి, నలుగురిలో పట్టుకున్నది తనే.

ఇంటికొచ్చి యూనిఫాం కోటు భర్త ముందు పడేసింది. "ఏవండీ, దీనికి జేబులు కుట్టండి."

"నువ్వు అందులో పెట్టుకునేదేముంది?"

"చేతులు."

ఆయన ఎగాదిగా చూసి, ఇంకేం అడక్కుండా, బాగుచేస్తున్న మిషన్ మీదే రెండు లోతైన జేబులు కుట్టి ఇచ్చాడు. అత్తగారు వాటిలో చెయ్యి దూర్చి చూసి, "ఇన్నాళ్ళకి దీని చేతులకి ఒక కొంప దొరికింది" అంది. అప్పట్నుంచీ క్లాసులో ఎవరితో పరీక్ష చేయించినా లిఫ్టమ్మ జేబుల్లో చేతులు దూర్చి నిలబడేది. లోపల పిడికిళ్ళు బిగుసుకుపోయేవి. ఎదుటివాళ్ళు తడబడుతుంటే ప్రాణం విలవిల్లాడేది. కానీ చేతులు బయటికి రాలేదు. అలా ఊరుకుని చూస్తుంటే, ఆమెకి అంతకుముందు కనబడనివి కనబడసాగాయి. కర్ర ఉన్న మనిషికి తలుపు మూసుకోకముందు కర్ర సర్దుకునే వ్యవధి కావాలి. వినపడని మనిషికి లిఫ్టు కదిలిందని తెలియడానికి ఏదో ఒకటి వెలగాలి. అత్తగారి లాంటివాళ్ళకి నొక్కిన బటన్ నొక్కుకుందని వేలికే తెలియాలి. ఇవన్నీ అట్టమీద ఎక్కాయి. లిఫ్టు కంపెనీవాళ్ళు బటన్లు పెడితే గాజు అందం పోతుందని ససేమిరా అన్నారు. టీచరు వాళ్ళ వెంటపడి, పోట్లాడి, చివరికి ఒప్పించింది. గాజు కింద ఉబ్బెత్తు బటన్ల వరస, వాటి మీద అంకెలూ బ్రెయిలీ చుక్కలూ, ప్రతి అంతస్తునీ పేరుపెట్టి చెప్పే గొంతు.

పాత లిఫ్టు ఆఖరిసారి కదిలిన రోజు భవనంలో అందరూ ఏదో ఒక వంకతో ఎక్కి దిగారు. లిఫ్టమ్మ ఎవర్నీ ఏమీ అడగలేదు, ఆ రోజు వాళ్ళూ ఏమీ చెప్పలేదు. కటకటాలు ఊడదీస్తుంటే అక్కడ ఉండలేకపోయింది. స్టూలు మాత్రం అడిగి ఇంటికి తెచ్చుకుంది. దాని మీద ఇప్పుడు అత్తగారు కూర్చుని కూరలు తరుగుతుంది.

కొత్త లిఫ్టు మొదలైన పొద్దున ఆమె రిసెప్షన్ టేబుల్ దగ్గర, కోటు జేబుల్లో చేతులు పెట్టుకుని నిలబడింది. మేనేజరు పక్కనే ఉన్నాడు. చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళాల్సిన మనిషిని కూడా ఎందుకైనా మంచిదని పిలిపించి కూర్చోబెట్టాడు. బాబాయి కర్ర చప్పుడు వీధిలోంచి మెట్లెక్కి లోపలికొచ్చింది.

"ఏమ్మాయ్, ఎక్కడున్నావ్?"

"టేబుల్ దగ్గరున్నాను బాబాయ్."

"నువ్వు రావా?"

"రాను. మీరే వెళ్ళాలి."

ఆయన తలూపి, లిఫ్టు చప్పుడు విని, లోపలికి నడిచాడు. తలుపులు నిదానంగా మూసుకున్నాయి. ఆమె పుట్టి బుద్ధెరిగాక ఆ భవనంలో లిఫ్టు తననో నాన్ననో వదిలిపెట్టి పైకి వెళ్ళడం అదే మొదలు. తలుపు మీద అంకె వెలిగింది. ఒకటి. రెండు. మూడు. నాలుగు. ఆగిపో తల్లీ అనుకుంది. ఆగలేదు. ఐదు. ఆరు. ఆ తర్వాత డాబా అని వెలిగి, అక్కడ నిలబడిపోయింది.

"అనుకున్నంతా అయింది" అన్నాడు మేనేజరు. "పాపం ఎక్కడికో కొట్టుకుపోయాడు పెద్దాయన. వీణ్ణి పంపనా?"

లిఫ్టమ్మ టేబుల్ దాటి ముందుకొచ్చింది. ఇంత చదువూ, ఇంత అట్టా, ఇన్ని గుండీలూ గంగపాలు. ఆయన ఇంటికెళ్ళి రేడియో ముందు కూర్చుంటాడు, అది తను చేతులారా చేసినట్టే. "ఎవరూ రావద్దు" అని, మెట్లవైపు పరుగెత్తింది. జీవితమంతా లిఫ్టులో గడిపిన మనిషి, ఆ భవనానికి అన్ని మెట్లున్నాయని ఆమెకి ఆరోజే తెలిసింది. ఎక్కుతూ, రొప్పుతూ, తిట్టుకుంటూ డాబా తలుపు తోసింది.

గుండెలెత్తు పిట్టగోడ దగ్గర బాబాయి నిలబడి ఉన్నాడు. కర్ర చంకలో ఇరికించి, రెండరచేతులూ గోడమీద ఆనించి, మొహం గాలికి ఎత్తి. చొక్కా ఫటఫటా కొట్టుకుంటోంది. ఉన్న నాలుగు వెంట్రుకలూ లేచి నిలబడ్డాయి.

"బాబాయ్" అంది ఊపిరందక. "తప్పు మాదే. నాలుగు తగల్లేదా మీకు?"

"తగిలింది" అన్నాడాయన, మొహం తిప్పకుండా. "నాలుగూ తగిలింది, ఐదూ తగిలింది, ఆరూ తగిలింది. అన్నీ దాటుకునే వచ్చాను."

ఆమె పిట్టగోడ దాకా వచ్చి ఆయన పక్కన నిలబడింది.

"నువ్వు చెప్పినదానికంటే ఎక్కువుందమ్మాయ్ గాలి. చెవులు నిజంగానే ఎగిరిపోయేట్టున్నాయి."

"ఇక్కడికి రావాలనుందని ఇన్నేళ్ళలో ఒక్కసారి అనుండొచ్చు కదా బాబాయ్."

"ఎప్పుడనను? కాలు లోపల పెట్టకముందే నాలుగు నొక్కేసేదానివి. అంత ప్రేమగా నొక్కినదాన్ని కాదంటే ఏం బావుంటుంది?"

"మీరు అనాలే గానీ, చెయ్యి పట్టుకుని తీసుకొచ్చేదాన్ని."

"అందుకే అనలేదు."

గాలి ఇద్దరి మధ్యనుంచీ పోయింది. ఆయన గొంతు తగ్గించి, తప్పు పట్టేట్టు కాకుండా, "అట్టమీద ఆ రోజు కూడా ఇక్కడికే వస్తున్నాను. నువ్వు వెనక్కి తీసుకెళ్ళిపోయావు" అన్నాడు. తన గుప్పెట్లో పెనుగులాడిన ఆ వేలు గుర్తొచ్చి లిఫ్టమ్మ వెక్కి వెక్కి ఏడ్చింది. ఎన్ని వేల పొద్దులు ఈ మనిషి పైన ఎలా ఉందని అడిగాడు. అన్ని పొద్దులూ కబుర్లు చెప్పి నాలుగులో దింపేసింది. నాన్న అయినా అంతే చేసేవాడు. నాన్న మీద కోపం రాలేదు, నాన్న లేడని మాత్రం మళ్ళీ కొత్తగా బాధేసింది. ఈ మాట నాన్నకి చెప్పాలనిపించింది.

బాబాయి ఆమె ఏడుపు అయ్యేదాకా ఆగాడు. తర్వాత, "పావురాలు ఎటు?" అన్నాడు.

ఆమె చెయ్యి జేబులోంచి రాబోయింది, ఆయన భుజం పట్టుకుని అటు తిప్పడానికి. ఆపుకుంది. "మీ ఎడమవైపు, ట్యాంకు సందులో" అని నోటితో చెప్పింది. ఆయన కర్ర తాటించుకుంటూ తనే వెళ్ళి, రెక్కల చప్పుడు వినబడిన చోట ఆగి, ఫోన్లు మోగుతుంటాయన్న ధ్యాస కూడా లేకుండా చాలాసేపు విన్నాడు.

దిగేటప్పుడు ఇద్దరూ కలిసే లిఫ్టులోకి వచ్చారు. తలుపులు మూసుకున్నాయి. లిఫ్టు కదల్లేదు. ఎవరూ ఏమీ నొక్కలేదు మరి. లిఫ్టమ్మ చేతులు జేబుల్లో ఉన్నాయి. ఆమె పెదాలు తడుపుకుంది. అది ఆమె ఎన్నడూ ఎవర్నీ అడగని మాట. అడిగితే పని రానట్టే లెక్కని నాన్న చెప్పిన మాట.

"ఏ అంతస్తు బాబాయ్?"

ఆయన నవ్వాడు. "ఆగు, చూసుకోనీ" అని, వేలు బటన్ల మీద పెట్టి, తొందరేం లేనట్టు పైనుంచి కిందికి ఒక్కొక్కటే తడుముకుంటూ పోయాడు. ఆయన ఏది నొక్కుతాడో ఆమెకి నిజంగా తెలీదు. లిఫ్టు కదిలేదాకా ఆమె చేతులు జేబుల్లోనే ఉన్నాయి.